అమ్మ వస్తే అదీ పనే

"అమ్మ వస్తే నేను రాను" అంది మా పెద్దది. దానికి పదేళ్లు. అమ్మమ్మతో కలిసి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్లాలని ముందురోజు రాత్రి నుంచీ ఒకటే సంబరం. అల్లిన లేసు ఇచ్చేసి కొత్త దారం తెచ్చుకోవడానికి మా అమ్మ అప్పుడప్పుడూ అలా వెళ్లొస్తుంటుంది. నేనూ వస్తానన్నాను. అంతే, పిల్ల చెప్పులు విప్పేసి అరుగు మీద కూర్చుండిపోయింది. ఎందుకే అంటే తనకొచ్చిన తెలుగులో చెప్పింది: "అమ్మ వస్తే అది కూడా పని అయిపోతుంది. టైమ్ చూస్తుంది. వాటర్ తాగావా అంటుంది. ఎప్పుడు వెళ్తాం, ఎప్పుడు వస్తాం అంటుంది."

"ఇదంతా ఎవరి కోసం చేస్తున్నాను?" అని అరిచాను. చిన్నప్పుడు మా అమ్మ నోట ఈ మాట వింటే నాకు ఒళ్లు మండేది. వాళ్లిద్దరూ వెళ్లి చీకటి పడ్డాక వచ్చారు. రాత్రి అన్నాల దాకా దానితో మాట్లాడలేదు నేను. పదేళ్ల పిల్లతో అలా పంతం పట్టినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పిల్ల చెప్పింది నిజం. మా చిన్నవాడికి ఆరేళ్లు. మూడో ఏట ఆటిజం అని తెలిసింది. అప్పట్నుంచి నా రోజంతా గడియారమే. స్పీచ్ థెరపీ, స్కూల్లో మీటింగులు, ఇన్సూరెన్స్ ఫోన్లు. వాడి థెరపీ ఒక్కటి కూడా తప్పలేదు. నా పన్ను మాత్రం ఎనిమిది నెలలు సలిపినా డాక్టర్‌కి చూపించుకోలేదు. అదే ప్రేమ అనుకున్నాను. నా కోసం గంట తీసుకుంటే ఆ గంట వాడి నుంచి లాక్కున్నట్టే అనిపించేది. ఒత్తిడి చాలాకాలం ఉంటే నిద్ర, బీపీ దెబ్బతింటాయని చదివాను. అంతకంటే ముందు ఓపిక పోతుంది. ఆ కోపం నోరెత్తని పెద్దదాని మీదే దిగేది.

మేముండే పరాయి దేశంలో మావాడి థెరపీ సెంటర్లో గురువారం సాయంత్రాలు తల్లిదండ్రులంతా కూర్చుని మాట్లాడుకునే గ్రూపు ఉంది. రెండుసార్లు వెళ్లి మానేశాను. పిల్లల్ని ఎవరు చూస్తారని మావారితో అన్నాను. నేను చూస్తాను, వెళ్లు అన్నారాయన. భాష అన్నాను. అది కొంత నిజమే. ఉద్యోగం ఇంగ్లీషులోనే చేస్తాను కానీ కడుపులో ఉన్న బాధ ఆ భాషలో బయటికి రాదు. అసలు కారణం ఇంకోటి. రెండోసారి వెళ్లినప్పుడు ఆ గదిలో ఇంకో తెలుగావిడ కనిపించింది. మావాడి సంగతి ఈవిడ నోటి నుంచి మా చుట్టాల దాకా పోతుందని భయపడ్డాను. ఆవిడా నన్ను చూసి తల తిప్పేసుకుంది.

ఊళ్లో ఆ వారమే అమ్మ నన్ను డ్వాక్రా సంఘానికి లాక్కెళ్లింది. 1982లో మొదలైన పథకం అది. కాగితాల మీద పేర్లు ఎన్ని మారినా ఊళ్లో ఇప్పటికీ డ్వాక్రాయే. పదకొండు మంది ఆడవాళ్లు. పొదుపు కట్టారు, అప్పు కంతులు రాసుకున్నారు, పుస్తకంలో సంతకాలు పెట్టారు. అరగంటలో అయిపోయింది. కానీ ఎవరూ లేవలేదు. సంచుల్లోంచి లేసు అల్లికలు తీశారు.

చూపంతా సూది మీదే ఉంటుంది కాబట్టి ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. అందుకేనేమో మాట తేలిగ్గా వస్తుంది. ఒకావిడ కూతురు కువైట్‌లో ఇంటి పనికి వెళ్లింది. మనవణ్ణి ఈవిడే పెంచుతోంది. వాడు తనని అమ్మా అంటున్నాడట. "ఫోన్లో దానికెలా చెప్పనండీ?" అంది. ఎవరూ సలహా ఇవ్వలేదు. "ఎప్పట్నుంచి అంటున్నాడు?" అని ఒకరు అడిగారు. "సాయంత్రాలు మా ఇంటికి పంపు, కాసేపు నడుం వాల్చుకో" అంది ఇంకొకావిడ.

తర్వాత నా వైపు తిరిగారు. బాగానే ఉన్నానన్నాను. అల్లుకుంటూనే ఉన్నారు, ఇంకేం అడగలేదు. కాసేపటికి నేనే మావాడి గురించి మొదలుపెట్టాను. అంతా విని ఒక పెద్దావిడ "నీకు నిద్ర పడుతోందా అమ్మా?" అంది. మూడేళ్లలో పిల్లాడి నిద్ర గురించి అడిగినవాళ్లే అందరూ. నాకు మాట రాలేదు.

మేముండేచోట ఇలాంటి గ్రూపు పెట్టుకుంటే ఎలా ఉండాలో ఆ రాత్రి నా ఫోన్లో రాసుకున్నాను: పదిమందికి మించకూడదు. కలిసే రోజు మారకూడదు. చేతిలో ఏదో ఒక పని ఉండాలి. అడగందే సలహా వద్దు. అక్కడి మాట అక్కడే ఉండాలి.

పొద్దున్నే అది చూసి అమ్మ తల అడ్డంగా ఊపింది. రెండేళ్ల కిందట ఒకరి ఇంటి గొడవ ఇదే సంఘంలోంచి బయటికి పొక్కిందట. ఆవిడ మళ్లీ రాలేదు. ఒకరు కంతు కట్టలేకపోతే మిగతావాళ్లు ఇంటి ముందుకొచ్చి నిలబడతారట కూడా. ఇంకొకావిడ నెలల తరబడి నిద్రలేక ఏడుస్తుంటే వీళ్ల మాటలు సరిపోలేదు. ఆశా కార్యకర్త ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చింది. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఆవిడ ఫోన్ చేసినంతసేపూ అమ్మ పక్కనే కూర్చుందట. నేను చూసింది ఒక్క మంచి మధ్యాహ్నమేనా? అక్కడికి తీసుకెళ్తే ఇది నిలుస్తుందా? ఏమో.

అయినా ఆ తెలుగావిడ నంబరు సంపాదించి మెసేజ్ పెట్టాను: "గురువారం మళ్లీ వెళ్దామా? లేదంటే మా ఇంటికి రండి." చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. మూడు రోజులైనా జవాబు లేదు.

తిరుగు ప్రయాణం రేపనగా మా పెద్దదాన్ని అడిగాను, నేనూ పంటు ఎక్కొచ్చా అని. కాసేపు ఆలోచించి, ఫోనూ వాచీ ఇంట్లో పెట్టి రావాలంది. పెట్టేశాను. వెళ్లేటప్పుడు బాగానే ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడు వశిష్ఠ గోదావరి మధ్యలో రెండుసార్లు ఖాళీ మణికట్టు చూసుకున్నాను. అది గమనించింది పిల్ల. ఏమీ అనలేదు. అమ్మమ్మ సంచిలోంచి కొత్త దారపు ఉండ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.