ఈ రోజు ఇరవై మి.లీ.

పొద్దున ఆరింటికి సిస్టర్ వచ్చి, అమ్మ గుండె చుట్టూ చేరిన నీరు పైపులోంచి దిగే సంచిని, మంచం పక్కన వేలాడేదాన్ని, గీతలున్న ప్లాస్టిక్ జగ్గులోకి వంపింది. 20 మి.లీ. మొదటి రోజు 700 వచ్చింది, నిన్న 45. రంగు కూడా మారింది. ముందు దానిమ్మ రసంలా ఎర్రగా ఉండేది, ఈ రోజు పలచని డికాషన్‌లా ఉంది.

రాత్రి అమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. పది రోజుల పాటు ఒళ్లో దిండు పెట్టుకుని, ముందుకు వంగి కూర్చునే తెల్లవార్లూ గడిపిన మనిషి! ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో స్టేజ్ కదా, ఆయాసం రాకుండా ఎలా ఉంటుందని ఊరుకున్నాం. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు తొలిచేస్తోంది.

ఎకో, అంటే గుండెకు చేసే స్కాన్, తీస్తే గుండె చుట్టూ నల్లగా నీరు, మధ్యలో గుండె అటూ ఇటూ ఊగుతోంది. గుండె పొరలో మామూలుగా ఉండేది 50 మి.లీ. లోపే. క్యాన్సర్ ఆ పొరకు పాకితే నీరు ఊరుతుందట. నీరు నొక్కేస్తుంటే గుండె విచ్చుకోలేదు, విచ్చుకోకపోతే రక్తం నిండదు, బీపీ పడిపోతుంది. రక్తం గుండెలోకి పోలేక అమ్మ మెడ మీద నరాలు ఉబ్బడం నేనూ చూశాను. చిక్కిపోయింది కాబట్టి కనిపిస్తున్నాయి అనుకున్నాను.

రొమ్ము ఎముక కింద మత్తిచ్చి, ఎకోలో చూసుకుంటూ సూదితో లోపలికి సన్నటి పైపు వేశారు. గంటలో "ఆకలేస్తోందే" అంది అమ్మ. ఆ మాట విని ఎన్నాళ్లయిందో!

రోజుకు పాతిక, ముప్పై లోపు వస్తుంటే పైపు తీసేస్తారు. రేపు ఇంకో ఎకో చూసి చెబుతామన్నారు. నీరు మళ్లీ చేరొచ్చని డాక్టర్ గారు దాచకుండా చెప్పారు. అలా చేరితే పొరకు చిన్న కిటికీలా కోసి, నీరు అక్కడ నిలవకుండా పక్కకు పోయేలా చేస్తారట. అసలు క్యాన్సర్ అదుపులోకి రావాలి. అమ్మ క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందని పరీక్షలో తేలింది. ఆ మార్పు ఉన్న క్యాన్సర్‌కు ఇచ్చే ఒసిమెర్టినిబ్ మాత్ర మొదలుపెట్టారు, రోజుకొకటి. జన్మలో సిగరెట్ ముట్టని మనిషికి ఈ జబ్బేమిటో!

సాయంత్రం జడ వేయమంది. పైపుకి తగలకుండా జుట్టంతా ఒక పక్కకు తీసి అల్లాను. అల్లుతూ మెడ వంక చూశాను. నరాలు ఉబ్బి లేవు.