ఫాల్టుల రిజిస్టరు

పొద్దున తొమ్మిదిన్నరకి మా కాలేజీ ఎఫ్ఎం రేడియో స్టేషన్ తలుపు తీసేసరికి ట్రాన్స్‌మిటర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. 50 వాట్లు చూపించాల్సిన మీటరు 31 దగ్గర ఆగిపోయింది, రిఫ్లెక్టెడ్ 4 వాట్లు. మామూలుగా అక్కడ అర వాటు కూడా ఉండదు. అంటే పైకి పంపిన పవర్లో కొంత యాంటెనా దాకా పోయి, తినకుండా తిరిగొచ్చిన కేరేజీలా వెనక్కి వచ్చేస్తోంది, ట్రాన్స్‌మిటర్ తన ప్రాణం దక్కించుకోడానికి పవర్ తగ్గించేసుకుంది. రాత్రంతా వాన. జబ్బేమిటో చూడకుండానే చెప్పొచ్చు, పైన కేబుల్‌ని యాంటెనాకి కలిపే కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయి.

మాస్ట్, అదే యాంటెనా స్తంభం, ఎక్కే కుర్రాడు మధ్యాహ్నం గాని రానన్నాడు. ఈలోగా కిందటిసారి ఆ కనెక్టర్ ఎప్పుడు మార్చామో చూద్దామని బీరువాలోంచి రిజిస్టరు తీశాను. అదే తప్పయింది, పన్నెండున్నర దాకా చదువుతూ కూర్చున్నాను. పక్కన రెండో సంవత్సరం కుర్రాడొకడు, ఈ ఏడాదే రేడియో క్లబ్‌లో చేరాడు, వాడూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మొదటి పేజీలో అప్పటి హెచ్‌వోడీ గారు గుండ్రటి చేతిరాతతో పూర్వచరిత్ర రాసిపెట్టారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పడం (ఆ బెంచిలో మన జీవన్ రెడ్డి గారున్నారని కింద గీత గీసి మరీ రాశారు), 2002 చివర్లో కాలేజీలకి రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం ఒప్పుకోవడం, 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా యూనివర్సిటీ వాళ్ల అన్నా ఎఫ్ఎం మొదలవడం. తర్వాత మా దరఖాస్తు. సాక్ఫా క్లియరెన్స్ (యాంటెనా పెట్టే చోటికి కేంద్రం ఇచ్చే అనుమతి) కోసం ఎదురుచూసిన నెలలన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి, పక్కన విసుగు కూడా.

ఆ ఎదురుచూపుల్లో మావాళ్లు ఊరికే కూర్చోలేదు. ఒక మిక్సరు, ఒక ఆంప్లిఫయరు పెట్టి, హాస్టల్ మెస్ దాకా స్పీకర్ వైరు లాగి సాయంత్రం గంటసేపు ప్రోగ్రాం వేసేవారు. వైరు కాబట్టి లైసెన్సు గొడవ లేదు. 1936లో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీలో జార్జ్ ఏబ్రహాం, డేవిడ్ బోర్స్ట్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాస్టల్ గదుల మధ్య వైర్లు లాగి చేసిందీ ఇదే, అక్కడి కాలేజీ రేడియోలకి చాలావాటికి అదే పునాది. మావాళ్లకి ఆ సంగతి తెలిసి చేశారని మాత్రం నేననుకోను, వైరు మిగిలింది కాబట్టి లాగారు.

లైసెన్సు వచ్చాక లెక్కలు మొదలు. రూలు ప్రకారం యాంటెనా నేల నుంచి 15 మీటర్లకి తక్కువ ఉండకూడదు, 30కి మించకూడదు. యాంటెనా ఎక్కువగా పంపే దిక్కుకి లెక్కేసే పవర్, అదే ఈఆర్‌పీ, 100 వాట్లు దాటకూడదు. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో 100 ఎలా అని కుర్రాడు అడిగాడు. యాంటెనా పవర్ని పుట్టించదురా, ఆకాశంలోకి, నేలలోకి పోయేదాన్ని పక్కలకి మళ్లిస్తుంది, రెండు డైపోల్స్, అంటే కడ్డీ యాంటెనాలు, ఒకదాని మీద ఒకటి పెడితే పక్కలకి దాదాపు రెట్టింపు వెళ్తుంది అని చెప్పాను. కానీ మావాళ్లు మొదట్లో డబ్బు మిగుల్చుకుందామని సన్న కేబుల్ వేశారు. 30 మీటర్ల కేబుల్లో 2 డెసిబెల్స్ పోయాయి, అంటే 50లో పైకి చేరింది 31 వాట్లే. రెండేళ్లు అలాగే నడిపి, సింహాచలం కొండ అవతల పెందుర్తి వైపు మనది వినపడట్లేదని తెగ బాధపడ్డారు. కొండ అడ్డముంటే లావు కేబుల్ వేసినా అంతే అని ఎవరూ చెప్పినట్టు లేదు.

2012 పేజీలు నిండా కరెంటే. పవర్ హాలిడేల ఏడాది. పోయిన టైము, వచ్చిన టైము, యూపీఎస్ ఎన్ని నిమిషాలు నిలబడింది, బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ ఎవరు పోశారు. తర్వాత 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు కింద ఏమీ లేదు, ఖాళీ. 13న ఒకటే లైను: "మాస్టు వంగినది. యాంటెనా కనపడుట లేదు." నాలుగో రోజున మెకానికల్ బ్లాకు వెనక తుప్పల్లో దొరికిందట.

అంతా విని కుర్రాడు అడిగాడు, "సార్, అయితే ఫస్ట్ డే రికార్డింగ్ వినిపిస్తారా?"

లేదు. రూలు ప్రకారం ప్రోగ్రాములు మూడు నెలలు దాచాలి. రోజుకి 8 గంటలు, 128 కేబీపీఎస్ ఎంపీ3లో 460 ఎంబీ, మూడు నెలలకి 41 జీబీ. అప్పటి హార్డ్ డిస్కు 80. మిగతా సగం పాటలకీ ఎడిటింగుకీ సరిపోయేది, అందుకని తొంభై ఒకటో రోజు రాగానే పాతది దానంతటదే చెరిగిపోయేలా మావాడొకడు కంప్యూటర్లో స్క్రిప్టు, అదే చిన్న ప్రోగ్రామింగ్ కోడ్, రాసిపెట్టాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. మత్స్యకారుల మీద చేసిన సిరీసు, హుద్‌హుద్ తర్వాత మంచినీళ్ల ట్యాంకర్లు ఎక్కడికొస్తాయో చెప్పిన గొంతులు, అన్నీ టంచనుగా పోయాయి. 2013లో ఏ జూన్ మధ్యాహ్నం ఏ ఫ్యూజు కాలిందో మాత్రం నా దగ్గరుంది. నాకిది నిజంగా మండుతుంది, ఎందుకంటే తర్వాత పెద్ద డిస్కు వచ్చాక కూడా ఆ స్క్రిప్టు ఆపాలని నాతో సహా ఎవరికీ తోచలేదు.

మూడింటికి ఆ మాస్ట్ కుర్రాడు వచ్చి పైకెక్కి కనెక్టర్ విప్పి కిందికి విసిరాడు. అరచేతిలో పెట్టుకుని చూస్తే లోపలంతా ఆకుపచ్చ చిలుము, మధ్య పిన్ను నల్లబడి ఉంది, కొంచెం వంచితే రెండు చుక్కల నీళ్లు కారాయి. సముద్రం గాలికి ఇత్తడైనా వెండి పూతైనా ఒకటే. కేబుల్ జానెడు కోసి, కొత్త కనెక్టర్ వేయించి, రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టమని అరిచాను. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీళ్లకి మెట్టవుతుంది. నాలుగుంపావుకి 50 వాట్లు, రిఫ్లెక్టెడ్ 0.3.

సైకిల్ స్టాండు దగ్గర అటెండర్ బాబాయి తన పాత సెట్టులో చూసి "వస్తంది బాబూ" అన్నాడు. క్లబ్ కుర్రాడి ఫోన్లో చూద్దామంటే దానికి ఇయర్‌ఫోన్ కన్నమే లేదు. ఆ వైరే యాంటెనా కదా, అది లేకపోతే ఎఫ్ఎం ఎక్కడిది. మన రేడియో క్లబ్ సభ్యుడికే మన రేడియో వినపడదన్నమాట.

స్క్రిప్టు ఆపేశాను. రిజిస్టర్లో ఇక నాలుగు పేజీలే మిగిలాయి, కొత్తదానికి రేపు ఇండెంట్ పెట్టాలి. ఎక్సెల్లో రాసుకోండి అంటారు స్టోర్సు వాళ్లు.