ఒక్క సర్టిఫికెట్, రెండు గడులు

"బీఎడ్ ఏదమ్మా?"

"ఇదే సార్."

"ఇది డిగ్రీ. నేను అడిగేది బీఎడ్."

టీచరు పోస్టుకి సర్టిఫికెట్ల వెరిఫికేషన్. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. టేబుల్ అవతలి సారు పొద్దుటి నుంచి ఒకే వరసలో కాగితాలు తిప్పుతున్నారు. టెన్త్, ఇంటర్, డిగ్రీ, బీఎడ్, టెట్. నా ఫైల్లో డిగ్రీ తర్వాత నేరుగా టెట్ వచ్చేసింది. మధ్యలో కాగితం ఎక్కడో జారిపోయిందనుకున్నారేమో, పాపం వంగి టేబుల్ కింద కూడా చూశారు.

నాది నాలుగేళ్ల బీఎస్సీ బీఎడ్. మైసూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో చదివాను. డిగ్రీ, బీఎడ్ కలిపి ఒకటే కోర్సు, చేతికొచ్చేది ఒకటే సర్టిఫికెట్. నోటిఫికేషన్‌లో అర్హతల కింద ఈ కోర్సు పేరు ఉంది కూడా. కానీ ఆయన ముందున్న చెక్‌లిస్టులో డిగ్రీకి ఒక గడి, బీఎడ్‌కి ఒక గడి. ఖాళీ గడి మీద సంతకం పెడితే రేపు మాట పడాల్సింది ఆయనే. అందుకే ఆ ఆఫీసు ఎక్కడో, ఆయన ఎవరో ఇక్కడ చెప్పను.

"రీజినల్ అంటే ఏంటి, ప్రైవేటా?"

"కాదు సార్, బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లది."

"మరి దీని మీద మైసూరు యూనివర్సిటీ అనుందే?"

"అఫిలియేషన్ ఆ యూనివర్సిటీకి సార్."

నేను జవాబు చెప్పేకొద్దీ అనుమానం పెరుగుతోంది. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు నిట్టూర్పులు మొదలుపెట్టారు. నాకు చెమటలు.

అసలు నేను మైసూరు దాకా ఎందుకు వెళ్లానంటే, మా ఇంటర్ ఫిజిక్స్ సారు వల్ల. మాది గుంతకల్లు దగ్గర పల్లె. ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకు చుట్టాలకి చెప్పుకోడానికి బాగానే ఉండేది, సీటుకి మాత్రం చాలలేదు. "టీచరే అవుతానంటున్నావు కదా, మరి డిగ్రీకి మూడేళ్లు, బీఎడ్‌కి రెండేళ్లు ఎందుకు తల్లీ? అక్కడైతే నాలుగేళ్లలో రెండూ అయిపోతాయి" అన్నారు సారు. 2015 నుంచి మామూలు బీఎడ్ రెండేళ్లయింది కాబట్టి ఆ లెక్క నిజమే. అప్పట్లో ఎంట్రన్స్ పేరు సీఈఈ, అంటే కామన్ ఎంట్రన్స్ ఎగ్జామ్. ఫిజిక్స్, మాథ్స్ ఉంటాయని రాత్రిళ్లు కూర్చుని చదివితే, పేపర్లో వచ్చింది ఇంగ్లిష్, రీజనింగ్, టీచింగ్ ఆప్టిట్యూడ్. ఇంటర్ మార్కులు కూడా కలిపి మెరిట్ వేసేవారు, సీట్లు రాష్ట్రాలవారీగా పంచేవారు. మా నాన్న అప్పటిదాకా మైసూరు అంటే దసరా, మైసూర్‌పాక్ అనే ఎరుగు. హాస్టల్లో నన్ను దింపి వెళ్తూ, "అందరూ తలా ఒక భాష మాట్లాడుతున్నారే, నీకు అన్నం ఎలా అడగాలో తెలుసా?" అని అడిగాడు. మా గదిలో నలుగురం. మలయాళం, తమిళం, కన్నడం, తెలుగు.

మానసగంగోత్రి అంటే మైసూరు విశ్వవిద్యాలయం క్యాంపస్. ఆ పేరు పెట్టింది కన్నడ కవి కువెంపు. మా కాలేజీ ఆ పక్కనే. భారతీయ భాషల కేంద్ర సంస్థ కూడా అక్కడికి దగ్గరే. మన ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం నెల్లూరికి రాకముందు చాలాకాలం అందులోనే ఉండేది. ఇంటి మీద బెంగ పట్టినప్పుడల్లా అటు నడిచి ఆ గేటు దగ్గర కాసేపు నిలబడి వచ్చేదాన్ని. లోపలికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు.

కాలేజీ చరిత్ర మాకు మొదటి వారంలోనే చెప్పారు. చెప్పినప్పుడు నేను నిద్రపోతున్నాను. ఆసక్తి పుట్టింది ఒక బోర్డు వల్ల. ప్రాంగణంలోనే మేం పాఠాలు చెప్పి నేర్చుకోడానికి ఒక బడి ఉంది. దాని పేరు డిమాన్‌స్ట్రేషన్ మల్టీపర్పస్ స్కూల్. డిమాన్‌స్ట్రేషన్ సరే, మల్టీపర్పస్ ఏంటి, ఫంక్షన్ హాలులాగా?

అడిగితే తెలిసింది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ కమిషన్, హైస్కూలు చదివినవాళ్లంతా ఒకే దారిన కాలేజీకి పరిగెత్తడం కాదు, బడిలోనే వ్యవసాయం, కామర్స్, టెక్నికల్, గృహవిజ్ఞానం లాంటి దారులు ఉండాలంది. వాటికోసం పుట్టినవే మల్టీపర్పస్ స్కూళ్లు. బళ్లు పెట్టాక తెలిసిన సంగతి, వాటిలో చెప్పగలిగే టీచర్లు లేరని. 1961లో ఎన్‌సీఈఆర్‌టీ ఏర్పడింది, 1963లో అది అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో నాలుగు రీజినల్ కాలేజీలు తెరిచింది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నిపుణులు కోర్సుల తయారీలో సాయం చేశారు. మైసూరు కాలేజీ దక్షిణాది రాష్ట్రాలకి. తర్వాత చాలా ఏళ్లకి షిల్లాంగ్ దగ్గర ఐదోది వచ్చింది. ఆ మల్టీపర్పస్ స్కూళ్ల ఆలోచన కాలక్రమంలో సన్నగిల్లిపోయింది. టెక్నాలజీ, వ్యవసాయం టీచర్ల కోర్సులూ ఆగిపోయాయి. బోర్డు మీద మాట మాత్రం మిగిలింది. నిలబడింది మా నాలుగేళ్ల కోర్సే. దాని పక్కన రెండేళ్ల బీఎడ్, ఎంఎడ్, ఇంటర్ నుంచి నేరుగా ఆరేళ్లు చదివే ఎమ్మెస్సీ ఎడ్ కూడా నేను చదివేటప్పుడు ఉండేవి.

ఫిజిక్సూ, పాఠం చెప్పడమూ కలిపి చదివితే ఏమొస్తుందని చాలామంది అడుగుతారు. నాకేమొచ్చిందో చెప్తాను. మైక్రో టీచింగ్ అని ఉంటుంది. ఆరు నిమిషాల పాఠం, ఒక్క నైపుణ్యం. ముందు తోటి విద్యార్థుల ముందు, తర్వాత పిల్లల ముందు. తప్పులు దిద్దుకుని అదే పాఠం మళ్లీ చెప్పడం రీటీచ్. నాది ప్రశ్నలడిగే నైపుణ్యం, పాఠం కుంభాకార కటకం. టెన్త్ పిల్లలు. నేను సూత్రం బోర్డు మీద అందంగా రాసి, తిరిగేసరికి ఒక పాప చెయ్యెత్తింది. కటకం సగానికి నల్లకాగితం అంటిస్తే బొమ్మ ఎంత కనబడుతుంది మిస్ అంది.

"సగం" అన్నాను. ఆలోచించనైనా లేదు.

వెనక కూర్చున్న మేడమ్ ఏమీ అనలేదు. ఫీడ్‌బ్యాక్‌లో నా గొంతు బావుందనీ బోర్డు రాత బావుందనీ చెప్పి, "రీటీచ్‌కి కొవ్వొత్తి తెచ్చుకో" అన్నారు, అంతే. రాత్రి హాస్టల్లో లైట్లార్పి, కొవ్వొత్తి వెలిగించి, ల్యాబ్ కటకం పట్టుకుని, గోడకి తెల్లకాగితం అంటించాను. తలకిందులుగా చిన్న మంట పడింది. రికార్డు అట్ట ముక్కతో కటకాన్ని సగం మూశాను. మంట సగం తెగలేదు. మొత్తం ఉంది, కాస్త మసకబారిందంతే. మూసిన సగం నుంచి వచ్చే వెలుతురు ఆగిపోయింది, మిగతా సగం గుండా వచ్చిన కిరణాలే పూర్తి బొమ్మ కట్టాయి. మా మలయాళీ రూమ్మేట్ మంచం మీంచి లేచొచ్చి అట్టముక్క తను పట్టుకుని అటూ ఇటూ జరుపుతూ పావుగంట ఆడింది. ఆ ప్రశ్న ఎన్‌సీఈఆర్‌టీ టెన్త్ పుస్తకంలోనే, పాఠం చివర అభ్యాసంలో ఉందని మర్నాడు చూసుకున్నాను. ఇంటర్ రెండేళ్లూ ఆ సూత్రంతో కొన్ని వందల లెక్కలు చేశాను. కటకాన్ని చేత్తో పట్టుకున్నది మాత్రం అప్పుడే. రీటీచ్‌లో ఆ పాపకే అట్టముక్క ఇచ్చాను.

చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ ఒక నవోదయ రెసిడెన్షియల్ బడిలో. పొద్దున పీటీ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పిల్లలతోనే. అదంతా రాస్తే ఇది ఆగదు.

మళ్లీ టేబుల్ దగ్గరికి. పైన చెప్పిన చరిత్రంతా ఆయనకి రెండు నిమిషాల్లో కుదించి చెప్పాను. ముఖంలో మార్పు లేదు. కదలిక వచ్చింది పక్క టేబుల్ నుంచి. రిటైర్మెంటుకి దగ్గరపడిన హెడ్‌మాస్టరు ఒకాయన తల తిప్పి, "మైసూరు రీజినల్ కాలేజీయా? మా లెక్కల మాస్టారు అక్కడే చేశారు బీఎడ్. వేసవి సెలవుల్లో వెళ్లి, మిగతా ఏడాదంతా పోస్టులో" అన్నారు. ఉద్యోగంలో ఉన్న టీచర్ల కోసం ఒకప్పుడు అక్కడ సమ్మర్ స్కూల్ కం కరస్పాండెన్స్ కోర్సు ఉండేది.

అంతమాత్రాన పని కాలేదు. జ్ఞాపకం కాగితం కాదు కదా. రెండ్రోజుల్లో, ఈ కోర్సు బీఎస్సీకి, బీఎడ్‌కి సమానమని కాలేజీ నుంచి ఉత్తరం తెమ్మన్నారు. మెయిల్‌లో వచ్చింది పనికిరాదట, ఒరిజినల్ కావాలట. ఆ రాత్రే బస్సెక్కాను. కాలేజీలో అడగ్గానే ఇచ్చారు. అక్కడి గుమస్తా సారు నవ్వి, ప్రతి నోటిఫికేషన్ తర్వాతా ఇదే పనిమీద నలుగురైదుగురు వస్తారన్నారు.

ఈ కోర్సు చేసినవాళ్లెవరైనా చదువుతుంటే ఒక మాట. ఉత్తరం ముందే తెచ్చిపెట్టుకోండి. టీచర్ల కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌సీటీఈ ఉత్తర్వు కాపీ పెట్టుకోండి. ఎనిమిది సెమిస్టర్ల మెమోలు వరసగా పెట్టి, బోధన పేపర్లు, ఇంటర్న్‌షిప్ మార్కులు ఉన్న లైన్ల పక్కన పెన్సిల్‌తో టిక్ పెట్టుకోండి. నా పని తేల్చింది ఉత్తరం కన్నా ఆ టిక్కులే. 2020 జాతీయ విద్యా విధానం 2030కల్లా టీచర్లకి కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎడ్ కావాలంది, 2023-24 నుంచి ఆ పేరుతో కొత్త కోర్సు కొన్నిచోట్ల మొదలైంది కూడా. అంటే ఇకమీదట నాలా ఒక్క కాగితంతో వచ్చేవాళ్లు వరస కడతారు. చెక్‌లిస్టులో గడులు ఎప్పుడు మారుస్తారో మరి.

రెండోసారి వెళ్లినప్పుడు సారు ఉత్తరం చదివారు, మెమోలు చూశారు, తల ఊపారు. డిగ్రీ గడిలో నా సర్టిఫికెట్ నంబరు రాశారు. బీఎడ్ గడిలోనూ అదే నంబరు రాశారు. సంతకం పెట్టబోతూ ఆగి, ఫైలు నావైపు తోశారు.

"కింద జిరాక్స్ షాపుంది. దీన్దే ఇంకో కాపీ తీయించుకు రామ్మా. రెండు గడులకీ రెండు కాగితాలు ఉండాలి కదా."