పితికిపప్పు నాటితే మొలుస్తుందా?

చలికాలం వచ్చిందంటే మన తిరుపతి, చిత్తూరు పక్క ఇంటింటా చిక్కుడు జాతికి చెందిన అనపకాయలు వలుస్తారు. గింజల్ని రాత్రి నీళ్లలో వేసి, పొద్దున రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే తొక్క ఒకపక్కకి, పప్పు ఒకపక్కకి వచ్చేస్తుంది. మన బడి ఐదో తరగతి గోడ మీద అంటించిన ప్రశ్నల్లో ఎక్కువ రోజులు నడిచింది ఆ పప్పు గురించే. "పితికిపప్పు నాటితే మొలుస్తుందా సార్?" అని ఒక పాప అడిగింది. మొలుస్తుందనో మొలవదనో అయ్యవారు చెప్పేసి ఉంటే అరనిమిషంలో ఆ మాట అయిపోయేది. ఆయన చెప్పలేదు. "ఎట్లా తేలుద్దామమ్మా?" అని ఆ పాపనే అడిగారు.

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచిక చేతిలో పట్టుకున్నవాళ్లలో టీచర్లు చాలామందే ఉన్నారు. టీచర్ల శిక్షణ సంస్థ అయిన కార్వేటినగరం డైట్‌లో శిక్షణ పొంది, చుట్టుపక్కల మండలాల్లో పాఠాలు చెప్తున్నవాళ్లు ఉన్నారు. అందుకని ఆ తరగతి ఎట్లా నడిచేదో, రేపు పొద్దున మళ్లీ చేసుకోడానికి వీలుగా రాస్తున్నాను. పిల్లల్ని ప్రశ్నలు అడగమని చెప్పడం తేలిక. అడిగిన ప్రశ్నకు ఒక పని చూపించడమే కష్టం.

ముందు గింజల సంగతి. ఎండు అనపగింజలు నలభై రాత్రంతా, అంటే ఎనిమిది పది గంటలు, నానబెట్టాలి. పొద్దున వాటిని పదేసి చొప్పున నాలుగు భాగాలు చేయాలి. మొదటి పది తొక్కతో ఉన్నవి. రెండో పది తొక్క తీసినవి. మూడో పదింటికి తొక్క తీసి, రెండు బద్దల్ని మెల్లగా విడదీసి, ముక్కు అంటుకుని ఉన్న బద్దను మాత్రమే ఉంచాలి. పిల్లలు ముక్కు అనేది లోపల దాగి ఉన్న చిన్న మొలకను. నాలుగో పది ముక్కు లేని ఉత్త బద్దలు. ఒక్కొక్క భాగాన్ని ఒక స్టీలు పళ్లెంలో తడిగుడ్డ పరిచి పెట్టి, పైన ఇంకో తడిగుడ్డ కప్పాలి. నాలుగు పళ్లేలూ ఒకే చోట, నీడలో ఉండాలి. మూడు నుంచి ఐదు రోజులు చూడాలి.

పదేసి ఎందుకు? ఒక్క గింజ పెట్టి, అది మొలవకపోతే, తొక్క తీసినందుకు మొలవలేదో, అది పుచ్చు గింజో చెప్పలేం. ఈ మాట అయ్యవారు ముందు చెప్పలేదు. మొదటిసారి పిల్లలు ఒక్కొక్క గింజే పెడతామంటే పెట్టనిచ్చారు. తొక్కతో ఉన్న గింజే కుళ్లిపోయింది. తరగతిలో సగం మంది "తొక్క ఉంటే మొలవదు" అన్నారు. "మరి పొలంలో మీ నాయన తొక్క తీసి చల్తాడా?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు. పది గింజలు అనే లెక్క అక్కడ పుట్టింది. మనం ముందే చెప్పి ఉంటే అది టీచరు పెట్టిన నియమం అయ్యేది.

ఇందులో చెడేవి కొన్ని ఉన్నాయి. గింజలు మునిగేలా నీళ్లు పోస్తే గాలి అందక కుళ్లుతాయి, రెండో రోజుకే వాసన వస్తుంది. గుడ్డ పిండితే నీళ్లు కారకూడదు, ముట్టుకుంటే చెయ్యి తడవాలి, అంత తడి చాలు. తొక్క తీసినవాటికి బూజు తొందరగా పడుతుంది, అందుకే గుడ్డను రోజూ మార్చాలి. ఒక పళ్లెం కిటికీలో ఎండకు, ఇంకొకటి బీరువా కింద పెడితే మొత్తం దండగ, ఎందుకంటే తేడా తొక్కవల్ల వచ్చిందో ఎండవల్ల వచ్చిందో తెలియదు. విత్తనాల అంగట్లో రంగు పట్టించి అమ్మే గింజలు పిల్లల చేతికి ఇవ్వకూడదు, వాటికి మందు కలిపి ఉంటుంది.

తేలేదేమిటంటే, తొక్క లేకపోయినా గింజ మొలుస్తుంది. ఒక్క బద్దతో కూడా మొలుస్తుంది గానీ మొక్క సన్నగా, పొట్టిగా వస్తుంది. ముక్కు లేని బద్ద ఎన్ని రోజులున్నా మొలవదు. బద్ద తిండి మూట, మొక్క అయ్యేది ముక్కు అని పిల్లలే అంటారు. వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. "అయితే తొక్క ఎందుకు సార్?" బూజు పట్టిన రెండో పళ్లెం అప్పటికి బల్ల మీదే ఉంటుంది. దాన్ని పారేయకుండా ఉంచడం టీచరు పని.

ఇంత సాగాలంటే ముందు తరగతిలో నిశ్శబ్దాన్ని ఓర్చుకోవాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు ప్రాథమిక తరగతుల సైన్సు పాఠాలను టేపుల్లో రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు గానీ ఇంకా ఎక్కువ గానీ ఆగితే జవాబులు పొడుగవుతాయని, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా నోరు తెరుస్తారని 1974లో రాశారు. మన అయ్యవారికి ఆ పరిశోధన తెలుసో లేదో గానీ, ప్రశ్న అడిగి కిటికీ వైపు తిరిగి దాని ఊచలు లెక్కపెట్టేవారు. ఐదు ఊచలు అయ్యేదాకా ఎవరి పేరూ పిలిచేవారు కాదు. ఆగాల్సిన చోటు ఇంకొకటి ఉంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా అంతసేపే ఆగాలి. "శభాష్" అన్నామా, మిగతా ముప్పై మంది ఆలోచించడం ఆపేస్తారు. "తప్పు" అన్నా అంతే. "ఎట్లా తెలిసింది నాయనా?" అని అడగాలి. అది కూడా తప్పు చెప్పినప్పుడే అడిగితే పిల్లలు మూడు రోజుల్లో కనిపెట్టేస్తారు. సరైన జవాబుకీ, తప్పు జవాబుకీ అదే గొంతుతో అడగాలి.

పలకలు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఎవరూ మాట్లాడకముందే ప్రతి ఒక్కరూ తన ఊహను పలక మీద రాసి బోర్లించాలి. తర్వాత పక్కవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకోవాలి. ఆపైన అందరూ ఒకేసారి పైకెత్తి చూపాలి. చురుకైన పిల్ల చెప్పింది విని మిగతావాళ్లు అదే చెప్పడం దీనితో ఆగిపోతుంది. మాట మార్చుకున్నవాళ్లు పాతది చెరపకుండా ఒక గీత కొట్టి కింద కొత్తది రాయాలి. చెరిపితే ఎందుకు మార్చుకున్నారో ఎవరికీ గుర్తుండదు. పిలవడానికి, పేర్లు రాసిన ఐస్ పుల్లలు ఒక డబ్బాలో ఉండేవి. పుల్ల వచ్చినవాడికి జవాబు తట్టకపోతే "ఇంకా ఆలోచిస్తున్నా సార్" అనొచ్చు. ఇద్దరి తర్వాత మళ్లీ అతని దగ్గరికి తప్పకుండా రావాలి, రాకపోతే ఆ మాట తప్పించుకునే దారి అయిపోతుంది.

గోడ మీది ప్రశ్నల్ని శనివారం చివరి పీరియడులో వేరు చేసేవాళ్లు. చూసి తేల్చేవి, చేసి తేల్చేవి, పెద్దల్నో పుస్తకాన్నో అడగాల్సినవి, ఇప్పటికి తేలనివి అని నాలుగు వరసలు. "చీమలు వరసగా ఎందుకు పోతాయి?" అన్నది ఎక్కడికి చేరుతుందన్న వాదన ఒక్కోసారి పీరియడంతా సాగేది. ఆ పీరియడు దండగ కాదు. 'ఎందుకు' అనే ప్రశ్నను, 'గీత మీద వేలితో తుడిస్తే చీమలు ఏం చేస్తాయి' అనే ప్రశ్నగా మార్చడం పిల్లలు నేర్చుకునేది అక్కడే.

ఎండలో కర్ర పాతి దాని నీడను కొలిచే నీడ కర్ర పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలా బడుల్లో ఒక్కరోజు చేసి వదిలేస్తారు. నేలపైన సరిగ్గా ఒక మీటరు ఉండేలా కర్రను పాతాలి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో రెండు పక్కల నుంచి చూడాలి. నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తులు పెడితే అన్నానికి వచ్చే వరస తొక్కి చెరిపేస్తుంది, గులకరాళ్లు పెట్టాలి. సూర్యుణ్ణి నేరుగా ఎవరూ చూడకూడదు, ఇది ముందే గట్టిగా చెప్పాలి.

తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల జూన్ 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం, అంటే నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండే వేళ, మీటరు కర్ర నీడ సుమారు 17 సెంటీమీటర్లు, అదీ దక్షిణానికి పడుతుంది. డిసెంబరు 22 ప్రాంతంలో 75 సెంటీమీటర్లు, ఉత్తరానికి. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు 16 ప్రాంతంలో ఇంకోసారి నీడ దాదాపు మాయమవుతుంది. ఏప్రిల్ చివరికి సెలవులు ఇచ్చేస్తారు కాబట్టి బడికి దక్కేది ఆగస్టే. చిత్తూరులో ఇది ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది.

పన్నెండు గంటలకు నీడ కాళ్ల కిందికి వస్తుందని పలకల మీద అందరూ రాస్తారు. ఆగస్టు నడుమ కొలిస్తే పన్నెండుకి రాదు, 12:16కో 12:17కో వస్తుంది. మన గడియారం కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. తిరుపతి దానికి మూడు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే పన్నెండు నిమిషాలు. మిగిలిన నాలుగు నిమిషాలు? అక్కడితో వదిలేసి "రేఖాంశం వల్ల" అని పాఠం ముగిస్తే నవంబరులో చిక్కు వస్తుంది. నవంబరు మొదట్లో అదే కర్రకు మిట్టమధ్యాహ్నం 11:56కే అవుతుంది. ఫిబ్రవరి నడుమ 12:26 దాకా పోతుంది. భూమి దారి సరిగ్గా గుండ్రం కాకపోవడం, దాని ఇరుసు వంగి ఉండడం ఇందుకు కారణాలు. ఐదో తరగతికి ఆ కారణం బరువే. కానీ తేడా ఉందని పిల్లలు కొలిచి పట్టుకోగలరు, ఆ ప్రశ్న 'ఇప్పటికి తేలనివి' వరసలో ఏడాదంతా ఉండొచ్చు.

ఒక చిక్కు కూడా చెప్పాలి. ఆగస్టులో నీడ నిమిషానికి నాలుగైదు మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి ఎప్పుడు చిన్నదైందో పట్టుకోవచ్చు. డిసెంబరులో నడిమధ్యాహ్నం చుట్టూ పావుగంట నీడ పొడవు మారినట్టే కనిపించదు. అప్పుడు పిల్లలు తలో మాట చెప్తారు, టీచరు సరైనది తానే చెప్పేస్తాడు. దానికి బదులు కర్ర మొదలుకు దారం కట్టి నేల మీద ఒక వలయం గీయాలి. పొద్దున నీడ కొస వలయాన్ని తాకిన వేళ, సాయంత్రం మళ్లీ తాకిన వేళ రాసుకుంటే ఆ రెంటికీ నడుమ ఉన్నదే మధ్యాహ్నం. ఆ రెండు గుర్తుల్ని కలిపే గీత తూర్పు పడమరలు చూపిస్తుంది. మన పాతకాలపు శంకువు పద్ధతి ఇదే, శంకుస్థాపన అన్న మాటలోని శంకువు ఇట్లా పాతే కర్రే. మబ్బు పట్టి ఒక కొలత తప్పిపోతే పట్టికలో ఆ గడి ఖాళీగా ఉండాలి. పక్క అంకె చూసి నింపినవాణ్ణి అయ్యవారు ఎప్పుడూ కోప్పడలేదు, "అప్పుడు ఎండ ఉండిందా?" అని మాత్రం అడిగేవారు.

అన్ని ప్రశ్నలూ ఇట్లా చేతికి చిక్కవు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి చూసి "కొండ పొరలు పొరలుగా ఎందుకుంది?" అని అడిగితే, సీసాలో మూడో వంతు మట్టి వేసి నీళ్లు పోసి గిలకొట్టి చూపవచ్చు. స్వర్ణముఖి ఏటి ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, చెరువు బంకమట్టి మర్నాటికీ నీళ్లను మురికిగానే ఉంచుతుంది. కానీ సీసా కొండ కాదని కూడా చెప్పాలి. అక్కడ కింద ఉన్న గ్రానైటు జాతి రాళ్లకూ, పైనున్న గట్టి ఇసుకరాతి పొరలకూ నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ చోటు జాతీయ భూగర్భ స్మారకం. ఇది అడిగి తెలుసుకోవాల్సిన వరసలోది, నాలుగు మాటల్లో చెప్పేయడమే మంచిది. పిల్లలే కనిపెట్టాలని గంటసేపు సాగదీస్తే విసుగొస్తుంది.

సిలబస్ ఎప్పుడు అవుతుందని అడిగే టీచర్ల బాధ నిజమే. వారానికి ఒక ప్రశ్న చాలు. గింజల పనికి మొదటి రోజు నలభై నిమిషాలు, తర్వాత రోజుకు ఐదు నిమిషాలు పడుతుంది. పరిసరాల విజ్ఞానంలో మొక్కల పాఠం, లెక్కల్లో పట్టికలు, తెలుగులో నాలుగు సొంత వాక్యాలు అందులోనే అయిపోతాయి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా పనులు, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలనే చెప్తుంది. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో ఉన్నా ఇబ్బంది లేదు. చిన్నవాళ్లు రోజూ బొమ్మ గీస్తారు, నడిమివాళ్లు లెక్కపెడతారు, పెద్దవాళ్లు కొలిచి రాస్తారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల్లో పలు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కార్డులతో, ఎవరి మెట్టు వాళ్లు ఎక్కేలా నడిపి చూపించారు. తర్వాత తమిళనాడు బడులకూ ఆ దారి పాకింది.

ఈ ఏడాది బడికి ఏమైనా ఇద్దామనుకునే పూర్వ విద్యార్థులకు ఒక మాట. ప్రొజెక్టరుకు ముందు ఒక ట్రంకుపెట్టె నింపండి. చేతి భూతద్దాలు ఎనిమిది, అంటే నలుగురికి ఒకటి. గ్రాముల్లో చూపే చిన్న తూకం ఒకటి. పాదరసం లేని థర్మామీటర్లు నాలుగు, గాజు పగిలితే పాదరసం పిల్లలకు ప్రమాదం. గడియారం ఒకటి, సెకన్ల ముల్లుతో. కొలిచే టేపులు నారవి కాకుండా ఫైబర్ గ్లాసువి తీసుకోండి, నారవి ఏడాదికే సాగిపోయి ఒక్కో గుంపుకు ఒక్కో అంకె చూపిస్తాయి. స్టీలు టేపు అంచు చేతులు కోస్తుంది. అనపగింజలు మాత్రం కొనొద్దు. సంక్రాంతి అయ్యాక ఇంట్లో ఎండబెట్టినవి ఒక అరకిలో వేపాకు వేసి డబ్బాలో పోసి, ఏ పొలంవో, ఏ నెలలో కోసినవో చీటీ రాసి లోపల పెట్టండి. మొలవని గింజల గురించి పిల్లలు ముందు అడిగేది అదే.