జీఆర్ఈ రెండుసార్లు రాస్తే ఏ స్కోరు పంపాలి?

విదేశాల్లో ఎంఎస్‌కి అప్లై చేయడానికి జీఆర్ఈ పరీక్ష రాసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, మొదటిసారి వచ్చిన తక్కువ స్కోరు కూడా కాలేజీకి కనిపిస్తుందా?" కనిపించదు. ఏ తేదీ స్కోరు పంపమంటే అదే వెళ్తుంది, ఇంకోసారి రాసినట్టు ఆ రిపోర్టులో ఉండదు. ఈ పరీక్ష పెట్టే సంస్థ ఈటీఎస్ దీన్ని స్కోర్‌సెలెక్ట్ అంటుంది. అయితే అప్లికేషన్ ఫారంలోనే అన్ని స్కోర్లూ రాయమని అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి.

అసలు చిక్కు ఎక్కడంటే, ఒక తేదీ స్కోరు మొత్తంగానే వెళ్తుంది, ఒకసారి రాసిన వెర్బల్‌ని (ఇంగ్లీషు భాగం) ఇంకోసారి రాసిన క్వాంట్‌తో (లెక్కల భాగం) కలిపి పంపడం కుదరదు. మా పిన్ని కొడుక్కి మొదటిసారి క్వాంట్ 156, వెర్బల్ 152 వచ్చాయి, రెండోసారి 165, 142. అంటే 308, 307. ఫ్రెండ్సూ కన్సల్టెన్సీ వాళ్లూ అందరూ 308 పంపమన్నారు. నేను ఒప్పుకోలేదు. వాడు వెళ్లాలనుకుంటున్నది కంప్యూటర్ సైన్స్‌కి, అక్కడ ముందు చూసేది క్వాంట్, పైగా ఈటీఎస్ రిపోర్టులో క్వాంట్, వెర్బల్, రైటింగ్ విడివిడిగానే ఉంటాయి, ఈ మొత్తం కలిపి చెప్పుకునే లెక్క మనదే. ఒక మార్కు కోసం 165ని దాచిపెట్టడం నాకు అన్యాయంగా అనిపించింది. వాడు 307 పంపాడు.

పరీక్ష రోజు నాలుగు కాలేజీలకి ఫ్రీగా పంపొచ్చు, మన వాళ్లు దాని కోసం తెగ టెన్షన్ పడతారు. ఆ రోజు ఆ పూట రాసిందైనా పంపాలి, లేదా గత ఐదేళ్లలో రాసినవన్నీ పంపాలి, నచ్చిన పాత తేదీ ఒక్కటే ఎంచుకోవడం తర్వాత డబ్బు కట్టి పంపేటప్పుడే కుదురుతుంది. రైటింగ్ స్కోరు కూడా అప్పటికి తెలియదు. కాబట్టి కాలేజీల లిస్టు ముందే రాసిపెట్టుకోండి, క్వాంట్ ఎంత వస్తే ఏ కాలేజీకి పంపాలో కూడా ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి.

జీఆర్ఈ ఆప్షనల్ అన్న చోట మీ సీజీపీఏ, ప్రాజెక్టులు గట్టిగా ఉండి స్కోరు నీరసంగా ఉంటే అసలు పంపకండి. బ్యాక్‌లాగ్స్ ఉండి క్వాంట్ మాత్రం బాగా వచ్చినవాళ్లు తప్పకుండా పంపండి. డిపార్ట్‌మెంట్ పేజీలో ఏం రాశారో మీరే చదవండి, ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ కావాలంటుంది, పక్కది వద్దంటుంది.