ఓఎమ్ఆర్‌లో ఓఎస్‌పీఎఫ్ పంచాయితీ

చెన్నై ఓఎమ్ఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద షోళింగనల్లూరు చుట్టుపక్కల నెట్‌వర్క్ పని చేసే తెలుగువాళ్లం బాగానే ఉన్నాం. నెల్లూరు వాళ్లకి ఇది పరాయి ఊరనిపించదు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాం. ఆఫీసులో మాత్రం వాదన ముదిరితే తమిళంలోకి వెళ్లిపోతుంది. అప్పుడు నేను మార్కర్ అందుకుని బోర్డు మీద బొమ్మ గీస్తాను.

ఈమధ్య వాదన దేశమంతా బ్రాంచీలున్న ఒక కస్టమర్ గురించి. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్స్‌లో పాతదైన రిప్ అక్కడక్కడా ఇంకా నడుస్తోంది. దాన్ని తీసేయాలనడంలో ఎవరికీ పేచీ లేదు. 15 హాప్‌లు (ఒక రౌటర్ నుంచి ఇంకోదానికి గెంతులు) దాటితే దానికి దారి లేనట్టే, పైగా 30 సెకన్లకోసారి దారుల టేబుల్ మొత్తం పంపుతూ ఉంటుంది. దాని బదులు సిస్కో కంపెనీ ప్రోటోకాల్ ఈఐజీఆర్‌పీ పెడదామని మా టీమ్ లీడ్ అన్నారు. సిస్కో దాని వివరాలు 2013లో బయటపెట్టింది, 2016లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 7868గా కూడా వచ్చింది. అయినా వేరే కంపెనీల రౌటర్లలో అది దొరకడం తక్కువ. ఈ కస్టమర్ దగ్గరేమో రకరకాల కంపెనీల పెట్టెలు. అలా దాదాపు అన్ని కంపెనీల రౌటర్లలోనూ ఉండే ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్ ఖాయమైంది.

అసలు గొడవ ఆ తర్వాతే. ఓఎస్‌పీఎఫ్‌లో నెట్‌వర్క్‌ని ఏరియాలనే ముక్కలుగా విడగొట్టొచ్చు, వాటన్నిటినీ కలిపే నడిమి ముక్క ఏరియా 0. "ఇన్ని ఏరియాలెందుకన్నా? అన్నీ ఏరియా 0లో పడేద్దాం. ఇప్పటి రౌటర్లకి ఆ లెక్కెంత?" అన్నాడు మా గుంటూరు కుర్రాడు. లెక్క వరకు వాడన్నది నిజమే. ఏరియాలో ఒక లింక్ పడిలేస్తే ఆ కబురు అక్కడి ప్రతి రౌటర్‌కీ చేరుతుంది, అన్నీ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతిలోనే దారులు మళ్లీ లెక్కేసుకుంటాయి. సీపీయూకి అదో పెద్ద పని కాదు.

"సీపీయూ సంగతి వదిలెయ్ తమ్ముడూ. ఎక్కడో బ్రాంచిలో కరెంటు పోయి వచ్చి, పోయి వస్తుంటే, ఆ లొల్లి దేశమంతా రౌటర్ల లాగ్ చిట్టాల్లో ఎందుకు కనపడాలి? రాత్రి షిఫ్టులో ఒక్కడే ఉంటాడు, వాడెక్కడని వెతుకుతాడు?" అన్నాను. నా దృష్టిలో నెట్‌వర్క్ పెద్దదవడం అంటే ఇదే: తప్పు ఎక్కడ ఆగాలో ముందే గీత గీసుకోవడం. ప్రోటోకాల్ పేరు ఆ తర్వాతి సంగతి.

ఏరియాలుగా విడగొట్టినంత మాత్రాన గీత పడదు. సమ్మరీ (చాలా రూట్లని కలిపి ఒక్కటిగా చెప్పడం) ఇవ్వకపోతే, ఏరియా సరిహద్దు రౌటర్ ప్రతి బ్రాంచి ప్రిఫిక్స్‌నీ (అడ్రసుల గుంపునీ) విడిగా అవతలికి చెబుతూనే ఉంటుంది. సమ్మరీ ఇవ్వాలంటే అడ్రసులు వరసగా ఉండాలి. తమిళనాడు మొత్తానికి 10.20.0.0/16 అనే పెద్ద అడ్రసుల గుంపు ఇస్తే అందులో 256 బ్రాంచీలకు తలా ఒక /24 అనే చిన్న గుంపు వస్తుంది, బయటికి మాత్రం ఒకే రూటు వెళ్తుంది. అందుకే మా టైమంతా రౌటర్ల మీద కాదు, అడ్రసులు పంచే ఎక్సెల్ షీటు మీద పోయింది. దీనికీ ఒక ఖరీదుంది. లోపల బ్రాంచి చచ్చిపోయినా బయటివాళ్లకి తెలియదు, ప్యాకెట్లు సరిహద్దు దాకా వచ్చి అక్కడ పోతాయి. నేను దానికి ఒప్పుకుంటాను.

మొత్తం బీజీపీతోనే (ఇంటర్నెట్‌లో వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌లని కలిపే ప్రోటోకాల్) కట్టేద్దామన్న మాట కూడా వచ్చింది. భారీ డేటా సెంటర్లలో అలా కట్టే పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 7938 వివరిస్తుంది. కానీ అక్కడ కాన్ఫిగ్‌లు స్క్రిప్టులు రాస్తాయి, ఇక్కడ మనుషులు టైప్ చేస్తారు. కాబట్టి బీజీపీని సర్వీస్ ప్రొవైడర్ల వైపే ఉంచాం.

ఇప్పుడు ఆంధ్రా షీటు నడుస్తోంది. ఏరియాలు వద్దన్న కుర్రాడే నా కుర్చీ వెనక నిలబడి, "గుంటూరు పక్కన కాస్త ఖాళీ వదలన్నా, బ్రాంచీలు పెరుగుతాయి" అంటున్నాడు. నెల్లూరుకి నేను ముందే వదిలేసుకున్నాను.