నాటకానికి ముందు కరెంటు లెక్క

నెల్లూరు, ఒంగోలు వైపు నాటక నిర్వహణ నేర్చుకునేవాళ్లు రంగాలంకరణ కన్నా ముందు పట్టుకోవాల్సింది కరెంటు లెక్క. వేదిక మీదకి వెలుగు కొట్టే వెయ్యి వాట్ల హాలోజన్ పార్ లైట్లు 12 అంటే 12 కిలోవాట్లు. 230 వోల్టుల మీద సుమారు 52 ఆంపియర్లు. సరఫరాలో ఉండే మూడు ఫేజుల్లో (విడివిడి కరెంటు లైన్లలో) వాటిని రెండింటికి పంచితే ఒక్కోదానిమీద 26. మూడోది సౌండుకే వదిలేయండి. లైటు వెలుగు తగ్గించే డిమ్మర్లు, సౌండు మిక్సరు ఒకే ఫేజు మీద ఉంటే లైటు తగ్గించినప్పుడల్లా స్పీకర్లలో జుమ్మని మోత మొదలవుతుంది, అదీ సరిగ్గా రాగం ఎత్తుకునే చోట! సౌండుకు 5 కిలోవాట్లు కలిపి, పవర్ ఫ్యాక్టరు 0.8తో భాగిస్తే, జనరేటరు సామర్థ్యాన్ని కొలిచే కేవీఏల్లో 21 దాటుతుంది. 30 కేవీఏ జనరేటరు మాట్లాడుకోవడం మేలు.

ఆరుబయట రాత్రి 10 దాటితే మైకు మోగకూడదు. అందుకే వేళల పట్టిక చివరి నుంచి వెనక్కి రాయాలి. గంట చొప్పున మూడు నాటికలు, సెట్టు మార్చడానికి 25 నిమిషాల చొప్పున రెండుసార్లు: మొత్తం 230 నిమిషాలు. సాయంత్రం 6కి తెర లేస్తే 9:50. సన్మానాలకు మిగిలేది పది నిమిషాలే, శాలువాలు ఎన్నున్నా సరే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అప్పుడు ఆరుబయట పెట్టక తప్పకపోతే కేబుల్ జాయింట్లను నేలమీద వదలొద్దు, ఇటుకల మీదకి ఎత్తి పైన కప్పండి.